గ్లెన్ గూల్డ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: కుర్చీ, పియానో, టేపు

కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ (1932–1982) అనగానే చాలామందికి గుర్తొచ్చేవి పొట్టి కుర్చీ, ఎండాకాలంలో ఓవర్‌కోటు, వాయిస్తూ తీసే కూనిరాగం. పాశ్చాత్య సంగీతం కొత్తగా వింటున్నవాళ్ళూ, పిల్లలకు పియానో నేర్పిస్తున్నవాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు పెట్టాం. ఈ వింతల్లో చాలావాటికి పనికి సంబంధించిన కారణం ఒకటి ఉంది, దానికి ఆయన కట్టిన మూల్యమూ ఉంది. హార్మోనియానికి లాగే పియానో కీలను ఈ పేజీలో మెట్లు అంటున్నాం.

ఎవరీయన? క్లుప్తంగా చెప్పండి.

1932 సెప్టెంబర్ 25న టొరంటోలో పుట్టాడు. తండ్రిది జంతు రోమాల (ఫర్) కోట్ల వ్యాపారం. తల్లి సంగీతం టీచరు, పదేళ్ళు వచ్చేదాకా ఆమే గురువు. పుట్టినప్పుడు ఇంటిపేరు 'గోల్డ్', కుటుంబం తర్వాత 'గూల్డ్' అని మార్చుకుంది. పదో ఏట టొరంటో కన్సర్వేటరీలో చేరాడు. జనం ముందు మొదట వాయించింది పియానో కాదు, ఆర్గాన్: 1945 డిసెంబర్‌లో. 1955 జనవరి 11న న్యూయార్క్ టౌన్ హాల్లో చేసిన కచేరీ విని, మర్నాడే కొలంబియా రికార్డుల సంస్థ ఒప్పందానికి పిలిచింది. తొమ్మిదేళ్ళు ప్రపంచం తిరిగి, 31వ ఏట కచేరీలకు స్వస్తి చెప్పి, మిగతా 18 ఏళ్ళూ స్టూడియోలోనే గడిపాడు.

గురువు ఎవరు? 'వేళ్ళు తట్టే' సాధన అంటే ఏమిటి?

గురువు చిలీ దేశం నుంచి టొరంటో వచ్చి స్థిరపడ్డ అల్బెర్తో గెరేరో. గూల్డ్ ఆయన దగ్గర సుమారు తొమ్మిదేళ్ళు నేర్చుకుని, పెద్దయ్యాక మాత్రం తన విద్య చాలావరకు సొంతమే అన్నట్టు మాట్లాడేవాడు. అది నమ్మనక్కర్లేదు. తక్కువ ఎత్తులో కూర్చోవడం, భుజం బరువు వాడకుండా వేళ్ళతోనే వాయించడం, వేళ్ళు తట్టే సాధన, మూడూ గెరేరో ఇంటి నుంచి తెచ్చుకున్నవే.

ఆ సాధన ఇలా సాగుతుంది. ఒక చేతి వేళ్ళను వాయించాల్సిన మెట్ల మీద బరువు వేయకుండా ఆనించాలి. రెండో చేతి వేలితో మొదటి చేతి వేలికొనను తట్టి, మెట్టు అడుగంటే దాకా దించాలి. కింద ఉన్న వేలు తనంతట తాను నొక్కకూడదు, తనంతట తాను లేవకూడదు. మెట్టే దాన్ని పైకి తేవాలి. ఇలా ఒక్కో స్వరం చొప్పున ఆ భాగమంతా పూర్తి చేయాలి. తర్వాత తట్టే చేయి తీసేసి, అదే భాగాన్ని నెమ్మదిగా, ఒక్కో స్వరం మధ్య ఆగుతూ, వేలి కదలిక మాత్రం చురుగ్గా ఉంచి వాయించాలి. రెండో చేతికి మళ్ళీ మొదటి నుంచీ ఇదే వరస.

లాభం ఏమిటంటే, ఒక స్వరం పలకడానికి నిజంగా ఎంత తక్కువ శ్రమ చాలో వేలికి తెలిసొస్తుంది. చాలామంది తప్పేది ఒకచోటే: తట్టబోయే క్షణానికి ముందే కింది వేలు సాయం చేసేస్తుంది, మణికట్టు బిగుసుకుంటుంది. అప్పుడు ఇది సాధన కాదు, ఉత్త కాలక్షేపం. సమయం కూడా విపరీతంగా పడుతుంది. 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాక్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ (దాని సంగతి కింద చెప్పాం) మొత్తం ఇలా తట్టడానికి 32 గంటలు పట్టిందని గూల్డే చెప్పుకున్నాడు. ఇంట్లో చేసేవాళ్ళు నాలుగు బార్లతో (తాళం ఆవర్తాల్లాంటి చిన్న ముక్కలు) మొదలుపెట్టి అక్కడే ఆగడం మంచిది.

ఆ కుర్చీ ఎత్తు ఎంత? అంత కిందకి ఎందుకు?

నేల నుంచి 14 అంగుళాలు. మామూలు పియానో బల్ల 19–20 అంగుళాలు ఉంటుంది. పేకాట బల్ల దగ్గర వేసుకునే మడత కుర్చీ ఒకటి తీసుకుని, 1953లో ఆయన తండ్రి నాలుగు కాళ్ళనూ నాలుగేసి అంగుళాలు కోసి, కాళ్ళ చివర ఇత్తడి బిగింపులు, మర మేకులు పెట్టాడు. దాంతో ఏ కాలి ఎత్తును ఆ కాలికి విడిగా సర్దుకోవచ్చు. వేదిక నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కుర్చీ ఊగదు.

లెక్క చూడండి. పియానో మెట్లు నేల నుంచి ఇంచుమించు 28–29 అంగుళాల ఎత్తులో ఉంటాయి. కూర్చున్న మనిషి మోచేయి సీటు నుంచి సుమారు 9 అంగుళాల పైన ఉంటుంది. మామూలు బల్ల మీద మోచేయి మెట్లకు సమానంగా వస్తుంది. గూల్డ్ కుర్చీలో ఐదారు అంగుళాలు కిందే ఉండిపోతుంది. పైగా పియానో కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించి, దాన్ని ఇంకో అంగుళంపావు లేపించేవాడు. ఇక చేతి బరువు మెట్ల మీద పడే దారే లేదు. వేళ్ళు మెట్లను కొట్టవు, అంచు పట్టుకుని లాగినట్టు దించుతాయి. బాక్ సంగీతంలో మూడు నాలుగు గొంతులు (విడివిడి రాగ వరసలు) ఒకేసారి నడుస్తుంటాయి. ఒక్కో గొంతు ఒక్కో పొడవుతో, ఒక్కో గట్టితనంతో పలకాలంటే ఈ పట్టు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

నష్టమూ అక్కడే. భుజం బరువు లేకపోతే పెద్ద, నిండు ధ్వని రాదు. బ్రామ్స్, లిస్ట్ లాంటి స్వరకర్తలు కోరే ఉరుములు ఈ ఎత్తు నుంచి కష్టం. ఆయన వాయించిన రచనల జాబితాలో షోపేన్ దాదాపు లేకపోవడానికి అభిరుచే ప్రధాన కారణం కావచ్చు గానీ, కుర్చీ కూడా ఆ అభిరుచికి వంతపాడింది.

ఆ కుర్చీని చివరిదాకా వదల్లేదు. సీటు చిరిగి, మెత్త పోయి, ఉత్త చట్రం మిగిలినా దాని మీదే కూర్చున్నాడు. రికార్డుల్లో కిర్రుమనే చప్పుడు అదే.

మా అబ్బాయి కూడా కిందకి కూర్చుంటానంటున్నాడు. కూర్చోనివ్వాలా?

వద్దు. గూల్డ్‌కు పొడవైన నడుము, అసాధారణంగా పట్టున్న వేళ్ళు, వాటికి తోడు తేలిక చేయించుకున్న పియానో ఉన్నాయి. అయినా వెన్ను, భుజాల నొప్పులతో జీవితమంతా బాధపడ్డాడు. నేర్చుకునే పిల్లలకు ముంజేయి నేలకు సమాంతరంగా ఉండే ఎత్తు సరైనది. మన ఇళ్ళలో అసలు సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది: డిజిటల్ కీబోర్డును భోజనాల బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతారు. బల్ల ఎత్తు 30 అంగుళాలు, దాని పైన కీబోర్డు మందం. తెలియకుండానే పిల్లవాడు గూల్డ్ భంగిమలోకి వెళ్ళిపోతాడు, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఎత్తు మార్చుకునే స్టాండు కొనండి, లేదా కుర్చీ మీద గట్టి దిండు వేయండి. మెత్తటిది వేస్తే కుంగిపోతుంది.

సీడీ 318 అంటే ఆయన ఆల్బమా?

కాదు, పియానో పేరు. స్టెయిన్‌వే కంపెనీ కచేరీ కళాకారుల కోసం పక్కన పెట్టే వాద్యాలకు 'సి' అనీ, అతి పెద్ద నమూనాకు 'డి' అనీ గుర్తు. 318 దాని సంఖ్య. యుద్ధకాలంలో తయారై, టొరంటోలో ఈటన్స్ దుకాణం దగ్గర ఉండేది. 1960లో గూల్డ్ కంట, అంటే చెవిన, పడింది. అప్పటికి అందరూ వాడి వదిలేసిన వాద్యం అది.

దాన్ని ఆయన చేతికి తగ్గట్టు మలిచినవాడు వెర్న్ ఎడ్‌క్విస్ట్. శ్రుతి చేయడంలో దిట్ట, చూపు మాత్రం దాదాపు లేదు. మామూలు కచేరీ పియానోలో మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది, దించడానికి 50 గ్రాముల బరువు కావాలి. గూల్డ్ కోసం మెట్టు లోతు తగ్గించి, సుత్తుల్ని తీగలకు దగ్గర చేశారు. మెట్టు ముట్టుకుంటే చాలు, స్వరం పలకాలి. వదిలితే చాలు, ఆగాలి. పియానో లోంచి హార్ప్సికార్డ్ (పియానోకు ముందు తరంలో, తీగల్ని మీటే మెట్ల వాద్యం) లాంటి పొడి ధ్వని రాబట్టాలని ఆయన పట్టుదల.

ఇంత బిగువుగా సర్దితే ఏం చెడుతుంది? తీగను కొట్టి వెనక్కి వచ్చిన సుత్తిని లోపల ఒక చిన్న మెత్త పట్టుకుని ఆపాలి. దూరం మరీ తగ్గితే ఆ పట్టు కుదరదు. సుత్తి ఎగిరి మళ్ళీ తీగను తాకుతుంది, ఒక స్వరం రెండుసార్లు పలుకుతుంది. 1964లో వచ్చిన బాక్ ఇన్వెన్షన్ల (రెండు మూడు గొంతుల చిన్న రచనలు) రికార్డులో, మెల్లగా సాగేచోట, మధ్య స్థాయిలో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. గూల్డ్ దాన్ని దాచలేదు. పియానోకి 'ఎక్కిళ్ళు' ఉన్నాయని రికార్డు అట్ట మీదే రాసి, ఆ మాత్రం సర్దుకుపొమ్మన్నాడు.

1971లో క్లీవ్‌ల్యాండ్ నుంచి తిరిగి వస్తూ ఈ పియానో ఎక్కడో కింద పడింది. లోపలి ఇనుప చట్రం పగిలింది. బాగుచేయించారు, ఏళ్ళ తరబడి సర్దారు. పాత స్పర్శ తిరిగి రాలేదు. తీగలు, సుత్తులు మార్చుకోవచ్చు గానీ, 20 టన్నుల దాకా లాగుడును మోసే చట్రం మారితే అది వేరే వాద్యమే.

గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ ఏమిటి? మన సంగతుల లాంటివా?

పూర్తిగా కాదు. కీర్తనలో పల్లవికి సంగతులు వేసేటప్పుడు పై రాగమే కొత్త పోకడలు పోతుంది. బాక్ 1741లో అచ్చువేయించిన ఈ రచనలో పై రాగం ఒక్కసారి వినిపించి మాయమౌతుంది. మిగిలేది కింద మంద్రంలో నడిచే 32 బార్ల వరస. దాని మీద 30 వేరియేషన్లు కడతాడు. మొదటా చివరా వినిపించేది ఒకే పాట, దాని పేరు 'ఏరియా'. మొత్తం 32 భాగాలు. చివరి 30వది తప్ప ప్రతి మూడోదీ కానన్: ఒక గొంతు ఎత్తుకున్నదాన్ని రెండో గొంతు కాస్త వెనకగా అందుకుంటుంది. మూడో వేరియేషన్‌లో రెండు గొంతులదీ ఒకే స్థాయి, ఆరోదానిలో ఒక స్వరం ఎడం, ఇలా ఎడం పెరుగుతూ పోతుంది.

పియానిస్టుకి ఇబ్బంది ఎక్కడంటే, ఇది రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసం రాసింది. పియానోకి ఒకటే వరస. చాలా వేరియేషన్లలో రెండు చేతులూ ఒకే చోట ఢీకొంటాయి. ఏ చేయి పైన, ఏది కింద అన్నది ముందే నిర్ణయించుకోకపోతే వేళ్ళు చిక్కుపడతాయి.

గూల్డ్ దీన్ని 1955 జూన్ 10–16 మధ్య నాలుగు రోజుల్లో రికార్డు చేశాడు. చోటు న్యూయార్క్ 30వ వీధిలో, చర్చిని మార్చి కట్టుకున్న కొలంబియా స్టూడియో. అప్పటికి 22 ఏళ్ళు. పునరావృత్తులన్నీ వదిలేసి 38 నిమిషాల్లో ముగించాడు. మొదటి రికార్డుకే ఇది ఎంచుకోవద్దని సంస్థలో కొందరు వారించారు. 1956 జనవరిలో విడుదలై, ఆ రచనను పండితుల అలమర నుంచి మామూలు ఇళ్ళకు తెచ్చింది.

కచేరీలు ఎందుకు మానేశాడు? భయమా?

భయం కొంత. విమానాలు పడవు, చలి పడదు, ఊరికో కొత్త పియానో, చప్పట్లంటే చిరాకు; చప్పట్లు నిషేధించాలని 1962లో ఏకంగా వ్యాసమే రాశాడు. కానీ బలమైన కారణం వేరు. వేదిక మీద జారిన స్వరాన్ని వెనక్కి తీసుకోలేం. తప్పు జరగకూడదన్న జాగ్రత్తతో వాయించేవాడు తెలిసిన దారి దాటి వెళ్ళడని ఆయన వాదన. రెండోది, పెద్ద హాల్లో చివరి వరసకు వినిపించాలంటే ప్రతిదీ కాస్త పెద్దది చేసి చూపించాలి. 1957లో మాస్కో, లెనిన్‌గ్రాడ్ పర్యటనలో బాక్ ఐదో పార్టిటా (నాట్య గతుల మాలిక) పదేపదే వాయించి, ఆ ఏడే రికార్డు చేశాడు. ఆ అతిశయాలన్నీ రికార్డులోకి వచ్చేశాయని, తన చెత్త రికార్డుల్లో అదొకటని తర్వాత తానే తిట్టుకున్నాడు.

అదే మాస్కోలో మొదటి కచేరీకి హాలు సగం కూడా నిండలేదు. విరామంలో జనం బయటికి పరుగెత్తి స్నేహితులకు ఫోన్లు చేశారు; రెండో సగానికి హాలు కిక్కిరిసింది. అంటే జనం వద్దనుకున్న కళాకారుడు కాదు, జనాన్ని వద్దనుకున్న కళాకారుడు. సభ నుంచి వచ్చే 'భేష్'తో గాయకుడికి ఊపొచ్చే మన కచేరీ పద్ధతికి అలవాటైనవాళ్ళకు ఇది మింగుడుపడదు. మాకూ పూర్తిగా పడలేదు.

చివరి కచేరీ 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజిలిస్‌లోని విల్‌షైర్ ఎబెల్ థియేటర్లో జరిగింది. వీడ్కోలు ప్రకటన ఏమీ లేదు. జీవితం మొత్తం మీద ఆయన చేసిన కచేరీలు 200 కూడా లేవు.

టేపు ముక్కలు అతికించడం మోసం కాదా?

సినిమా పాటలో చరణాన్ని ముక్కలుగా పాడించి కలపడం మనకు వింత కాదు. శాస్త్రీయ సంగీతంలో ఇది అప్పట్లో రహస్యంగా చేసే పని. గూల్డ్ బాహాటంగా చేశాడు. 1966లో ఒక వ్యాసంలో ఉదాహరణతో సహా వివరించాడు. బాక్ రచనల సంపుటి వెల్-టెంపర్డ్ క్లావియర్ మొదటి భాగంలో, ఒకే రాగాన్ని గొంతులు వరసగా అందుకునే 'ఎ మైనర్' ఫ్యూగ్‌కు ఎనిమిది టేక్‌లు తీశారు. ఆరూ, ఎనిమిదీ తప్పుల్లేకుండా వచ్చాయి. ఆరో టేక్ గంభీరంగా, స్వరాలు కలుపుకుంటూ సాగింది. ఎనిమిదోది తుంచి తుంచి, హుషారుగా. కొన్ని వారాల తర్వాత వింటే రెండూ విసుగు పుట్టించాయి, ఎందుకంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే ధోరణి. అదృష్టం కొద్దీ రెండింటి వేగం దాదాపు ఒకటే. అందుకని మొదలూ ముగింపూ ఆరోదాని నుంచి, నడుమ భాగం ఎనిమిదోదాని నుంచి తీసుకుని అతికించాడు.

గమనించండి: ఇక్కడ దిద్దింది తప్పును కాదు. వాయిస్తున్నప్పుడు తట్టని ఆలోచన, విన్నాక తట్టింది. అతుకు పని చేయాలంటే మాత్రం రెండు టేక్‌ల వేగం, శ్రుతి, మైకుల దూరం కచ్చితంగా కలవాలి. టేపును బ్లేడుతో ఏటవాలుగా కోయాలి, నిలువుగా కోస్తే టక్కుమంటుంది. శ్రుతి గంటగంటకూ కాస్త జారుతుంది కాబట్టే ఎడ్‌క్విస్ట్ సెషన్ అయ్యేదాకా పక్కనే ఉండేవాడు.

సాధనే చేసేవాడు కాదట, నిజమా?

మన లెక్కలో సాధన కాదు. నొటేషన్ చదివి, బుర్రలో పూర్తిగా నిలిచాకే పియానో దగ్గరికి వెళ్ళేవాడు. చిన్నప్పుడు మోజార్ట్ ఫ్యూగ్ ఒకటి వాయిస్తుంటే పనిమనిషి పక్కనే వాక్యూమ్ క్లీనర్ పెట్టిందట. తన వాయింపు తనకే వినపడలేదు, వేళ్ళకు మాత్రం తెలుస్తూనే ఉంది. తర్వాత ఎక్కడైనా చేయి మొండికేస్తే, పక్కన రేడియో గట్టిగా పెట్టుకుని ఆ ముక్క వాయించేవాడు. చిన్న మోతాదులో ఇది నిజంగా పనిచేసే చిట్కా: తప్పు వినపడుతుందన్న బెదురు పోతుంది. పసితనం నుంచీ అమ్మ కూర్చోబెట్టి చేయించిన సాధన మీద కట్టిన సౌకర్యమిది అని మరిచిపోకూడదు.

ఆ కూనిరాగం తీసేయలేకపోయారా?

లేదు. మైకులు పియానోకి దగ్గరగా ఉంటే గొంతూ దగ్గరే. అది ఆపితే వాయింపు ఇంకా చెడుతుందని ఆయన మాట. అలవాటు పడండి.

బెర్న్‌స్టీన్ వేదిక మీదే ఆయన్ని తప్పుబట్టాడా?

1962 ఏప్రిల్ 6న కార్నెగీ హాల్లో బ్రామ్స్ మొదటి కన్చెర్టోకు (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) ముందు, ఈ నెమ్మది నడకతో నేను ఏకీభవించను, అయినా ఇలాంటి కళాకారుడి ఆలోచన వినదగ్గదే అని ఆర్కెస్ట్రా నడిపే లెనర్డ్ బెర్న్‌స్టీన్ సభకు చెప్పాడు. గూల్డ్‌కు ముందే తెలుసు, అభ్యంతరం లేదు. ఎక్కువ మండిపడింది పత్రికలే.

చేతులకు ఏమైంది?

కచేరీకి ముందు చేతులు సుమారు 20 నిమిషాలు వేడినీళ్ళలో నానబెట్టేవాడు. తొడుగులు, కోటు ఆ జాగ్రత్తలో భాగమే. 1959 డిసెంబర్‌లో స్టెయిన్‌వే ఉద్యోగి ఒకరు పలకరింపుగా భుజం తట్టారు. దాంతో గాయమైందని వారాలపాటు కట్టు వేయించుకుని, దావా వేశాడు. చివరికి వైద్య, న్యాయ ఖర్చులకు రాజీ కుదిరింది. దెబ్బ ఎంత నిజం, బెదురు ఎంత అన్నది తేల్చలేం.

1977 నుంచి వచ్చిన ఇబ్బంది మాత్రం ఊహ కాదు. వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. నెలల తరబడి రికార్డింగులు ఆపి, మణికట్టు, మెడ, బొటనవేలు, ఒక్కోదాన్ని ఒక్కోలా పెట్టి చూస్తూ రోజువారీ నోట్సు రాసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. రక్తపోటు అంకెలు, మాత్రల పేర్లు కూడా కాగితాల మీద నిండి ఉండేవి. ఆయన పోయాక కొందరు రకరకాల మానసిక స్థితుల పేర్లు అంటగట్టారు. పరీక్షించని మనిషికి రోగనిర్ధారణ చేయడం మాకిష్టం లేదు.

గోల్డ్‌బెర్గ్‌ను రెండోసారి ఎందుకు చేశాడు?

ఒకసారి చేసింది మళ్ళీ చేయడం ఆయనకు అరుదు. 1981 వసంతంలో అదే 30వ వీధి స్టూడియోకి వెళ్ళాడు, ఈసారి యమహా పియానోతో. పాత రికార్డులో 30 వేరియేషన్లూ 30 వేర్వేరు మనుషుల్లా ఉన్నాయని, 25వది భావోద్వేగం ఒలకబోస్తోందని ఆయనకు గుచ్చుకునేది. కొత్తదానిలో ఒక వేరియేషన్ లయ నుంచి తర్వాతిదాని లయను లెక్కగట్టి తీశాడు. లోపల ఒకే నాడి కొట్టుకుంటుంది. మొత్తం 51 నిమిషాలు. ఏరియా ఒక్కటే పోల్చి చూడండి: 1955లో రెండు నిమిషాల లోపు, 1981లో మూడు దాటుతుంది.

అది 1982 సెప్టెంబర్‌లో విడుదలైంది. 27న పక్షవాతం వచ్చింది, అక్టోబర్ 4న చనిపోయాడు. వయసు 50. ఆస్తిని మూగజీవాల సంరక్షణ సంస్థకూ, సాల్వేషన్ ఆర్మీకీ రాసిపోయాడు. ఆ రికార్డుకు గ్రామీలు తర్వాతి ఏడు వచ్చాయి. బతికుండగా వచ్చిన ఒకే ఒక్క గ్రామీ వాయించినందుకు కాదు, జర్మన్ స్వరకర్త హిండెమిత్ సొనాటాల రికార్డు అట్ట మీద రాసిన వ్యాసానికి.

ఏది ముందు వినాలి?

1981 గోల్డ్‌బెర్గ్‌లో ఏరియా, మొదటి మూడు వేరియేషన్లు. హెడ్‌ఫోన్లో, ఎడమచేతి గొంతును మాత్రమే వెంబడిస్తూ. మర్నాడు అవే 1955లో. తర్వాత ఇన్వెన్షన్లు, ఎక్కిళ్ళతో సహా. గ్రేడ్ పరీక్షలకు చదివే పిల్లలు వాయించేవి అవే. కాకపోతే పరీక్షకు ఆయన వేగాలు కాపీ కొట్టొద్దు, మార్కులు పోతాయి. నాసా 1977లో వోయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులోనూ ఆయన వాయించిన బాక్ ముక్క ఒకటుంది: వెల్-టెంపర్డ్ క్లావియర్ రెండో భాగం మొదటి ప్రిల్యూడ్, ఫ్యూగ్.

పియానో కాకుండా కావాలంటే, 1967లో కెనడా రేడియోకి చేసిన 'ది ఐడియా ఆఫ్ నార్త్' వినండి. ఉత్తర కెనడా గురించి మాట్లాడే మనుషుల గొంతుల్ని ఫ్యూగ్‌లా ఒకదాని మీద ఒకటి నడిపించాడు. మొదటి నిమిషాల్లో గందరగోళంగా అనిపిస్తుంది.

టొరంటోలో ఉంటున్నాం. చూడటానికి ఏమున్నాయి?

ఫ్రంట్ వీధిలో సీబీసీ (కెనడా ప్రసార సంస్థ) భవనం ముందు బెంచీ మీద కూర్చున్న కంచు గూల్డ్ ఉన్నాడు, పక్కన కూర్చుని ఫొటో దిగొచ్చు. లోపల ఆయన పేరిట చిన్న కచేరీ హాలు ఉంది. మౌంట్ ప్లెజెంట్ శ్మశానంలో తల్లిదండ్రుల పక్కనే సమాధి. నేల మీది చిన్న రాయి పైన ఏరియా మొదటి బార్లు చెక్కి ఉన్నాయి. కుర్చీ, సీడీ 318 మాత్రం అటావాలో ఉన్నాయి. పియానో నేషనల్ ఆర్ట్స్ సెంటర్‌లో ఉంది.